విమలమ్మ వంతు

కళ్ళు మూసుకుని ప్రార్థిస్తే నిద్ర ముంచుకొస్తోంది, తెరుచుకుని ప్రార్థిస్తే మనసు కిటికీలోంచి దూకి బయటికి పోతోంది, ఇక ఏ కళ్ళతో చెయ్యాలో విమలమ్మకు పాలుపోలేదు. ప్రభువా, పిల్లకు ఊపిరి ఇయ్యి. ప్రభువా, పిల్లకు ఊపిరి ఇయ్యి. బస్సు కామారెడ్డి బస్టాండు వదిలి ఎల్లారెడ్డి రోడ్డు పట్టుకుంది. నాలుగయింది, అంటే ఇక ఐదు దాకా గొలుసులో వంతు ఆమెది. గొలుసు ప్రార్థన అంటే సంఘంలో ఆడవాళ్ళు గంటకొకరు చొప్పున వంతులు వేసుకుని, పగలూ రాత్రీ తెగకుండా ఒకే మనవి మీద నిలబడడం. ఒకరి గంట అయిపోగానే పక్కవాళ్ళకు ఫోన్లో ఒక్క రింగిచ్చి కట్ చేస్తారు, అవతలి మనిషి పొయ్యి ముందున్నా సరే, పొలంలో ఉన్నా సరే, ఇదిగో ఇట్లా బస్సు సీట్లో చెమటకు నానుతున్నా సరే, అక్కడ అందుకోవాలి. మనవి ఒక్కటే. కామారెడ్డి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్న పసిపిల్ల బతకాలి. ఆ పిల్ల విమలమ్మ మనవరాలు, కూతురు రమ్యకు ఏడో నెలలోనే పుట్టేసింది, ఇంకా పేరు కూడా పెట్టలేదు, పేరంటూ పెడితే పైనుంచి ఎవరైనా ఆ పేరుతో పిలుస్తారేమోనని భయం. అయ్యో, ఆ మాట ఎందుకు అనుకుంది ఇప్పుడు. ప్రభువా, క్షమించు, పిల్లకు ఊపిరి ఇయ్యి.

"అవ్వా, ఆధార్ చూపియ్."

పిల్లకు ఊపిరి ఇయ్యి అని విమలమ్మ పైకే అన్నట్టుంది, కండక్టరమ్మ ఒక్క క్షణం ఆగి వింతగా చూసింది. విమలమ్మ రవికలోంచి కార్డు తీసి చూపించింది, బస్సులో ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్టు చేతికొచ్చింది. అవ్వా అంటుందేమిటి ఈమె, నేనింకా అంత ముసలిదాన్నయ్యానా అని కాస్త చురుక్కుమంది గానీ, మనవరాలు పుట్టాక అవ్వ కాకుండా ఏమవుతుంది, అవ్వే, అద్దంలోంచి తప్ప పిల్లను చూడని అవ్వ. ఎంతుంది పిల్ల? ఒక అరచేతిలో పడుకోబెడితే రెండో అరచేతికి పనే ఉండదు. ముక్కులో గొట్టం, తలకు ఉన్ని టోపీ, పొట్ట మాత్రం గబగబా పైకీ కిందికీ, ఇంత చిన్న పొట్టకు అంత తొందరేమిటో. విమలమ్మ అద్దం బయట నిలబడి ఆ పొట్టతో పాటు తనూ ఊపిరి తీసుకునేది, పొట్ట ఆగినట్టనిపిస్తే తనూ బిగబట్టేది, మళ్ళీ కదిలితే వదిలేది. ఇట్లా ఎన్ని పూటలో. ఊపిరి తీసుకోవడం కూడా ఇంత కష్టమైన పనని ఇన్నేళ్ళు తెలియలేదు, తెలిసి ఉంటే ఎవరు తీసుకుంటారు అనిపించింది, అనిపించినందుకు మళ్ళీ భయపడింది.

పొద్దున ఏమైంది. పొద్దున ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చుని తన వంతు చేస్తూ చేస్తూ విమలమ్మ ముందుకు తూలి కింద పడింది. పెద్ద దెబ్బేం కాదు, కణత దగ్గర కాస్త వాచింది, అంతే. కానీ రమ్య చూసింది. బాలింత, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, తల్లిని లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాపి, అప్పుడు మొదలుపెట్టింది. అరవలేదు, అరిచే ఓపిక దానికి మాత్రం ఎక్కడుంది, మెల్లగా అంది, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"అమ్మా, నర్సమ్మ ఏమన్నదో విన్నవా? తల్లి పండుకుంటెనే పాలు పడ్తయన్నది. నాకు చుక్క పడుతలేదు. ఎట్ల పండుకోవాలె నేను? తెల్లారుజాముల నాకు గూడ వంతు పెడితివి. ఏడ లేవనో అని రాత్రంత మెలకువనే ఉంటున్న."

"ఇంకొన్ని దినాలు ఓర్చుకో బిడ్డా."

"నీ గొలుసు తెగితె నా బిడ్డ సచ్చిపోతదా? గట్లనా మన దేవుడు?"

విమలమ్మ కణత మీది వాపు తడుముకుంది. జవాబు రాని చోట కోపం వస్తుంది ఎవరికైనా, ఆమెకు అదీ రాలేదు. రమ్య సంచీ సర్దిచ్చి, ఇంటికి పోయి ఒక రాత్రి పండుకొని రా, నువ్వు ఈడ పడితె నిన్నెవలు చూడాలె అని బస్సు ఎక్కించమని వార్డుబాయిని బతిమాలుకుంది. అల్లుడు ఆకాశ్ దుబాయిలో, సెలవు దొరకదు, ఫోన్లో ఏడవడం తప్ప వాడు చెయ్యగలిగిందేమీ లేదు. విమలమ్మ భర్త గంగారాం రైసుమిల్లులో వాచ్‌మన్, వచ్చి అద్దంలోంచి చూసి, బయట బీడీ కాల్చుకుని పోతాడు. చర్చికి రాడు ఆయన, వద్దనడు కూడా. ఒక తెల్లవారుజామున ఆమె మోకాళ్ళ మీద ఉండగా లేచి, చూసి, అటు తిరిగి పడుకుంటూ ఒకటే అన్నాడు, ఏం దేవుడో ఏమో, మనిషిని పండనియ్యడాయె అని. ఎంత ఒళ్ళు మండిందో ఆమెకు. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం మండడం లేదు, మండడానికి ఒంట్లో ఏదైనా మిగిలి ఉండాలిగా.

ప్రభువా. ఎక్కడి దాకా వచ్చాను. పిల్లకు ఊపిరి.

తెల్లవారుజాము వంతు రమ్యకు ఎందుకు పెట్టిందో విమలమ్మకు బాగానే గుర్తుంది. పురుటి మంచం మీద ఉన్న పిల్లకు వంతు పెట్టకూడదని తోచలేదా అంటే తోచలేదు, నిజంగా తోచలేదు. కన్నతల్లి గొంతు దేవుడు తొందరగా వింటాడనుకుంది. స్త్రీల కూటమికి పెద్ద ఆమే, గొలుసు కడదామన్నదీ ఆమే, ఎవరెవరికి ఏ గంటో నోటితోనే పంచిపెట్టిందీ ఆమే. మొదటి వారం అందరూ ఉత్సాహంగా పట్టుకున్నారు. తర్వాత సంఘంలో చదువుకునే పిల్ల స్నిగ్ధ పరీక్షలని హైదరాబాదు పోయింది, పోతే పోయింది, దాని గంట నేను చేస్తాలే అంది విమలమ్మ. యాసంగి కోతలు మొదలై ఇద్దరు ముగ్గురు పొద్దున్నే కూలికి పోవలసి వచ్చింది, వాళ్ళ గంటలూ నేనే అంది. తను బీడీలు చుట్టే కార్ఖానాలో కూడా ఆమె అంతే, పక్క మనిషికి జ్వరమొస్తే ఆ మనిషి చాటలో ఆకు తన చాటలో పోసుకునేది. అలవాటు. చేతులకు అలవాటైంది మనసుకు ఎక్కకుండా ఎట్లా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అదేగా, ఆకు నానబెట్టు, రేకు పెట్టి కత్తిరించు, తంబాకు పొయ్యి, చుట్టు, దారం కట్టు, మళ్ళీ ఆకు. సాయంత్రం కార్ఖానాలో కూర్చున్నాయన కట్ట విప్పి చూసి, ఒక్కటి వదులుగా ఉన్నా చాలు, మొహం చూడకుండా కట్ట మొత్తం పక్కన పడేసేవాడు. అంతసేపు చుట్టిందంతా పోయినట్టే. ఒక్క గంట వదులైనా గొలుసు మొత్తం పక్కన పడేస్తాడు కదా దేవుడు. ఎవరు చెప్పారు ఆమెకు ఇట్లా అని? ఎవరూ చెప్పలేదు, పాస్టరయ్య చెప్పలేదు, వాక్యంలో లేదు, ఆమెకే తెలుసు. కొన్ని మనకు ఊరికే తెలిసిపోతాయి, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టే ఉంటాయి, అవి నిజమో కాదో చూడాలని కూడా తోచదు.

బస్సు ఆగింది. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు, డ్రైవరు తిట్టుకుంటూ ఎదురుగా లారీకి దారి ఇస్తున్నాడు. ఆగితే ఇంకా కష్టం, గాలి లేదు, వేడి వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. వడ్ల వాసన, డీజిలు వాసన, ఎవరో బత్తాయి వొలుస్తున్న వాసన. విమలమ్మ తొడ మీద గట్టిగా గిల్లుకుంది. నొప్పి కూడా దూరం నుంచి వచ్చింది, వేరేవాళ్ళకు నొప్పి పుట్టినట్టు. ప్రభువా, పిల్లకు ఊపిరి ఇయ్యి. పెదవులు కదులుతున్నాయి, లోపల మాత్రం అవ్వ. అవ్వ ఎందుకొచ్చింది మధ్యలో? అవ్వ అంటే ఆమెను కన్నతల్లి, పేరు పెద్దవ్వ, పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల్లో మాట పడిపోయింది, మనుషుల్ని గుర్తుపట్టలేదు, కానీ చేతులు ఆగలేదు. మంచం మీద పడుకుని గాలిలో ఆకు పట్టుకునేది, తంబాకు పోసేది, బొటనవేలితో చుట్టేది, దారం కట్టి పళ్ళతో తెంపేది, చుట్టిన బీడీని, లేని బీడీని, జాగ్రత్తగా పక్కన పెట్టేది. చూసినవాళ్ళు నవ్వారు, తర్వాత ఏడ్చారు. విమలమ్మ ఆ చేతులు రెండూ పట్టుకుని, సాలు అవ్వా, అయిపోయినయి, కార్ఖానకు అప్పజెప్పి వచ్చిన, ఇగ పండుకో అంది. పట్టుకున్నంతసేపు ఆగేవి. వదిలితే మళ్ళీ మొదలు. ఆ రాత్రంతా అట్లాగే పట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి తల్లి చేతులు చల్లబడి, నిజంగానే ఆగాయి. అంతసేపటికి గానీ పని చాలించనియ్యలేదు అవ్వను ఎవరూ.

పని చాలించడం. ఈ మాట ఎక్కడ విన్నది? యాకూబు అయ్యగారు అన్నారు. ఆదివారం, ఏ ఆదివారమో, గొలుసు మొదలయ్యాకే, ఎందుకంటే ఆ పూట కూడా ఆమె నిద్రతో కుస్తీ పడుతూనే వాక్యం విన్నది. పాస్టరయ్య యాకూబు మంచి మనిషే గానీ పొడుగ్గా చెబుతాడు, ఫ్యాను ఒకటే, అదీ మగవాళ్ళ వైపు. యెషయా ప్రవక్త సంగతి చెప్పారు ఆ రోజు. యేసయ్య పుట్టడానికి వందల ఏళ్ళ ముందు, యెరూషలేములో జనం శత్రువుల భయంతో అటూ ఇటూ పరుగులు పెడుతున్న కాలంలో, దేవుడు ప్రవక్త నోట ఒక చిన్న మాట పంపించాడట. నెమ్మది, విశ్రాంతి, ఇక్కడే ఉన్నది, అలసిపోయినోల్లను పండనియ్యుండ్రి అని. అంతే, అంతకంటే ఏం లేదు. వాళ్ళు వినలేదు. ఇంత అలకటిదా, ఇంత తేలికదా దేవుని మాట, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్తున్నవని ప్రవక్తను ఎక్కిరించారట. మరి వద్దన్నవాళ్ళకు ఏం మిగులుతుంది? ఆ దేవుని మాటే వాళ్ళ నెత్తిన ఒక ఆజ్ఞ మీద ఇంకో ఆజ్ఞ, ఒక గీత మీద ఇంకో గీత, ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం అయి కూర్చుంది, మోయలేక వెనక్కి పడిపోయారు. తర్వాత ఎప్పుడో యేసయ్య వచ్చి, బరువు మోసేవాళ్ళంతా నా దగ్గరికి రండి అన్నాడు. ప్రవక్త చెప్పిన నెమ్మది ఎక్కడో లేదు, మనిషై వచ్చి వాకిట్లో నిలబడ్డాడు అన్నారు అయ్యగారు. దేవుడు ఏడో దినం తన పని చాలించుకున్నాడు గదా, ఆ నెమ్మదిలోకి పోదలచినవాడు తన పని తాను చాలించుకోవాలె, సంచీ నెత్తిన పెట్టుకొని లోపలికి పోతానంటె తలుపు పట్టదు అన్నారు. విమలమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. అని, లేచి, వెనక వంటశాలలోకి పోయి సంఘం మొత్తానికి అన్నం వార్చింది.

ఇప్పుడు నవ్వొచ్చింది ఆమెకు. ఒక్కతే నవ్వుకుంటుంటే పక్క సీటు మనిషి కాస్త జరిగి కూర్చుంది. గొలుసు మీద గొలుసు, వంతు మీద వంతు, తెల్లవారుజాము కొంచెం, పగటి పూట కొంచెం. ప్రవక్త ఎవరి గురించి అన్నాడో గానీ అన్నాడు. కానీ అవన్నీ ఆదివారం మాటలు, ఆదివారం వినడానికి బాగుంటాయి, అద్దాల పెట్టె ముందు నిలబడ్డప్పుడు చేతులు ముడుచుకుని ఎట్లా ఉంటారు మనుషులు? ఏదో ఒకటి చెయ్యకపోతే ఎట్లా? చేస్తూ ఉంటే కనీసం చేస్తున్నామని ఉంటుంది. చెయ్యకుండా ఉండడం ఎంత కష్టమో అయ్యగారికేం తెలుసు. తెలుసేమో. ఆయన భార్యకూ ఒక వంతు ఉంది.

లాభం లేదు, కూర్చుంటే పడిపోతాను అనుకుని విమలమ్మ లేచింది. రాడ్డు పట్టుకుని నిలబడ్డది. సీటు దొరక్క నిలబడ్డవాళ్ళంతా ఆమె వైపు చూశారు, ఉన్న సీటు వదులుకున్న మనిషిని ఈ బస్సులో ఎవరూ చూసి ఉండరు. సీటు మీద ఒక లావుపాటి ఆవిడ గంపతో సహా కూలబడింది. తాడ్వాయిలో దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు రెట్టింపు ఎక్కారు. నిలబడి ప్రార్థన, పిల్లకు ఊపిరి, పిల్లకు ఊపిరి, ఈ మోకాళ్ళ మీద ఎన్ని గంటలు ఉందో వాటికే తెలుసు. గంప ఆవిడ తలెత్తి చూసింది.

"ఏమైందవ్వ, పెయ్యి మంచిగ లేదా, జరమొచ్చిందా? గా మొఖమేంది గట్లున్నది?"

"ఏం లేదక్కా. నిద్రొస్తున్నది."

"నిద్రొస్తె పండుకోవాలె గని నిలబడ్తరా ఎవలన్న?"

అని గంప ఒళ్ళోకి లాక్కుని, విమలమ్మ చెయ్యి పట్టి కిందికి గుంజి, తన పక్కన ఇరుకులో కూర్చోబెట్టింది. విమలమ్మ వద్దనలేదు. ఆవిడ భుజం మెత్తగా, వెచ్చగా, చెమట వాసనతో తన భుజానికి ఆనుకుంది. ఎవరో ఏమో, ఏ ఊరో, గంపలో మామిడికాయలున్నాయి. ఇంతకుముందు తనకు ఇట్లా ఎవరైనా కూర్చో అని చెయ్యి పట్టి గుంజారా? గుర్తు రాలేదు.

ప్రభువా, పిల్లకు ఊపిరి ఇయ్యి, పిల్లకు ఊపిరి, కిటికీ అవతల మోదుగుచెట్లు పోతున్నాయి, వడ్ల కుప్పలు, మళ్ళీ చెట్లు, లింగంపేట ఇంకా రాలేదు, వస్తే మేలుకుంటాను, ఒక్క రెప్పపాటు, కాదు మూయను, రెప్పలు మాత్రమే దించుతాను, లోపల మేలుకునే ఉంటాను, పిల్లకు, ఆకు నానింది అవ్వా, లేదు, గొలుసు, ఎవరి చేతిలో ఉంది ఇప్పుడు, నా చేతిలోనే, గట్టిగా పట్టుకో, పట్టుకుంటే వేళ్ళు నొప్పి, బొటనవేలు నొప్పి, పండనియ్యుండ్రి అన్నాడు ప్రవక్త, ఎవరికి చెప్పాడు ఆ మాట, అలసిపోయినోల్లకు కాదుగా, అలసిపోయినోల్ల పక్కన ఉన్నవాళ్ళకు కదా చెప్పింది, పండనియ్యుండ్రి అని, ఎవరిని నేను పండనియ్యలేదు, పాలు పడుతలేవమ్మా, ఎవరిని, ప్రభువా నా వల్ల కాదు, నాకు చాతకాదు, పిల్లను నువ్వే చూసుకో, నేను ఇక పట్టుకోలేను, అంటున్నాననుకుంది, అన్నదో లేదో, వేళ్ళు వదులైనట్టు మాత్రం తెలిసింది, తర్వాత తెలియలేదు.

"అవ్వా, ఎల్లారెడ్డి. దిగు."

కండక్టరమ్మ భుజం తట్టింది. బస్సు ఖాళీ అయింది, గంప ఆవిడ ఎక్కడ దిగిందో, దిగుతూ విమలమ్మ సంచీనే ఆమె తల కింద పెట్టి పోయినట్టుంది. బస్టాండు గడియారం ఐదున్నర దాటి చూపిస్తోంది. గంట పోయింది. చేతిలో ఉన్న గంట నడుమలోనే జారిపోయింది, దాని మీద ఇంకో సగం గంట, భూదవ్వక్కకు రింగ్ ఇవ్వలేదు, గొలుసు నా చేతిలోనే తెగింది, అందరి గంటలూ నెత్తిన వేసుకుని చివరికి నేనే తెంపాను. సంచీ పట్టుకుని ఎట్లా దిగిందో దిగింది. ఫోను చూసుకుంది, కామారెడ్డి నుంచి ఫోన్లేమీ లేవు. లేకపోవడం మంచిదా చెడ్డదా? ఆసుపత్రివాళ్ళు చెడ్డ వార్త వెంటనే చెప్పరు, పెద్ద డాక్టరు వచ్చేదాకా ఆగుతారు. రమ్య పేరు నొక్కబోయి, ఎదురుగా బెంచీ మీద భూదవ్వ కూర్చుని ఉండడం చూసింది.

భూదవ్వ వాళ్ళ వాడకట్టు మనిషే, విమలమ్మ కంటే పెద్దది, మొగుడు పోయాక సంఘంలోకి వచ్చింది, అదే కార్ఖానాలో బీడీలు చుడుతుంది. విమలమ్మ తర్వాతి వంతు ఆమెదే. రమ్య ఫోన్ చేసిందట, మా అమ్మ నిద్రకు తూలుకుంట వస్తున్నది, ఇంటికి పట్టుకపో పెద్దమ్మా అని.

"అక్కా, నిద్రపోయిన. తాడ్వాయి దాటినంక మొత్తం నిద్రపోయిన. గొలుసు తెంపిన."

అంటూనే విమలమ్మ బెంచీ మీద కూలబడింది. భూదవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత రోడ్డు వైపు చూస్తూ అంది.

"ఏ గొలుసు చెల్లె? నేను మొదటి దినం చేసిన. రెండో దినం సగం చేసిన. ఆ తర్వాత కార్ఖానకెల్లి వచ్చి గోడకు ఒరిగితె, లేసేటాల్లకు చీకటే అయితుండె. దినాం గంతే. నీకు చెప్దామంటె నీ మొఖం చూస్తె భయమాయె."

"దినామా?"

"దినాం. అమ్మగారిది గూడ గంతేనట, అయ్యగారి పెండ్లానిది. తన గంటంత పండుకొని, లేసి నీకు రింగిస్తదట. నీకు చెప్పకు అన్నది నాకు. నేను గూడ చెప్పకుండ్రి అన్న. మా నడుమ నువ్వొక్కదానివే మేలుకున్నవు చెల్లె, మా పాపం."

మొదట కోపం వచ్చింది, గుండె నిండా వచ్చింది. నా పిల్ల అక్కడ గొట్టంతో ఊపిరి తీసుకుంటుంటే మీరు గోడకు ఒరిగి గురకలు పెట్టారా, మీ మీద నమ్మకంతోనే కదా నేను, అని నోటి దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే లెక్క కుదరడం లేదు. ఐదింటి గంట మొదటి వారంలోనే తెగింది. అమ్మగారి పగటి గంట ఎప్పుడు తెగిందో దేవుడికి తెలుసు. రోజూ తెగింది. తెగిన చోట ఎవరూ ముడి వెయ్యలేదు. ఆ సాయంత్రాలన్నీ భూదవ్వ గోడకు ఒరిగి నిద్రపోతోంది, అమ్మగారు పగటి నిద్ర పోతోంది, ఆ సాయంత్రాలన్నీ అద్దాల పెట్టెలో ఆ చిన్న పొట్ట పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. తను పట్టుకుని ఉన్నది ఏమిటి మరి ఇన్నాళ్ళూ? పట్టుకున్నానని ప్రాణం పెట్టి పట్టుకున్నది? విమలమ్మ తన చేతులకేసి చూసుకుంది. తంబాకు మరకల చేతులు, ఖాళీ చేతులు. కోపం ఎటు పోయిందో తెలియలేదు, దాని స్థానంలో ఒళ్ళంతా ఒక నీరసం, జ్వరం దిగిపోయాక వచ్చే నీరసం. రమ్య పొద్దున అడిగినదానికి ఇప్పుడు జవాబు వచ్చింది, గట్ల కాదు బిడ్డా మన దేవుడు, మీ అమ్మ గట్ల.

ఫోను మోగించింది. రమ్య వెంటనే ఎత్తింది, ఎత్తకుండా ఎట్లా ఉంటుంది, మేలుకునే ఉంది కదా.

"చేరినవా అమ్మా?"

"చేరిన. పిల్ల ఎట్లుంది?"

"అట్లనే ఉంది. ఏం మారలె. రాత్రి దాటాలె అంటున్నరు, రోజూ గదే అంటరు గదా." కాస్త ఆగి, "నీ వంతు అయ్యిందా?" అంది. ఆ గొంతులో వెటకారం లేదు, భయం ఉంది. పొద్దున అంత మాట అన్న పిల్ల కూడా లోలోపల గొలుసుకు భయపడుతోంది. ఎవరు నేర్పారు దానికి ఆ భయం, ఎవరూ కాదు, తనే నేర్పింది, పాలతో పాటు.

"కాలె. బస్సుల పండుకున్న. మొత్తం పండుకున్న."

పక్కన భూదవ్వ తల వంచుకుంది.

"బిడ్డా, విను. తెల్లారుజాము నీ వంతు తీసేసిన. భూదవ్వ పెద్దమ్మది తీసేసిన. నాది తీసేసిన. గొలుసు లేదిగ."

"మరి ఎవలు చేస్తరమ్మా?"

"ఎవ్వలు చెయ్యరు."

"పిల్లకు ఏమన్న అయితె?"

ఏమన్నా అయితే, అవును, కావచ్చు, రాత్రి దాటకపోవచ్చు, ఆ మాట తోసెయ్యడానికి ఆమె దగ్గర ఇప్పుడేమీ లేదు, ఒక్క గంట కూడా లేదు అడ్డం పెట్టడానికి.

"ఏమన్న అయితె నువ్వు పండుకున్నందుకు కాదు బిడ్డా. నేను పండుకున్నందుకు కాదు. గా మాట మీద ఒట్టు పెట్టుమన్న పెడ్త. పిల్లను మనకంటె ముందుగాల్ల చూస్తున్నోడు ఉన్నడు, ఆయన చూస్తడు. నువ్వు పండుకో. ఇప్పుడే. చాప మీద పో. నేనే చెప్తున్న, మీ అమ్మను."

రమ్య ఏడ్చింది. పుట్టినప్పుడు ఎట్లా ఏడ్చిందో అట్లా, సిగ్గు లేకుండా, ఎక్కిళ్ళు పెట్టి. విమలమ్మ ఊరుకో అనలేదు. ఏడుపు మెల్లగా సన్నబడింది, చాప పరుస్తున్న చప్పుడు, గాజుల చప్పుడు, ఎక్కడో నర్సు ఎవరినో పిలుస్తున్న చప్పుడు. అమ్మా, ఉన్నవా అంది రమ్య. ఉన్న అంది విమలమ్మ. ఇంకోసారి, అమ్మా అంది, ఈసారి సగం మాటే వచ్చింది. తర్వాత మాట లేదు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, సంగారెడ్డి బస్సు, బాన్సువాడ బస్సు, మైకులో ఎవరో ఊళ్ళ పేర్లు చదువుతున్నారు. పోదామా చెల్లె అంది భూదవ్వ. విమలమ్మ ఉండమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. అవతల, కామారెడ్డిలో, ఆసుపత్రి వసారాలో, ఆమె కూతురు గురక పెడుతోంది.